అగరుతైలము – గులాబి అత్తరు



మన యిండ్లలో దేవుని పటము ముందర వెలిగించు సన్నని పుల్లకు రెండు పేళ్లు గలవు. కొందరు అగరుబత్తి యందురు; కొందరు ఊదుబత్తి యందురు. ఒకే యింటిలో అత్తగారు ఒక పేరును, కోడలు రెండవ పేరును వాడుటయు నేనెఱుగుదును. ఊదుబత్తి యనగా మంటను ఊది యార్పి పొగను నిలుపుకొను బత్తి యని బడిలో పిల్లలు నాతో వాదించెడివారు. ఆ వాదము ముచ్చటైనదే గాని నిజము గాదు. ఆ ఊదు మన క్రియాపదము గాదు, అరబ్బీ శబ్దము. ఆ భాషలో ఊద్ అనగా కొయ్య. వారి తంత్రీవాద్య మొకదానికిని అదే పేరు. అగరు మన సంస్కృతశబ్దము. రెండును ఒకే చెట్టు కొయ్యకు పేళ్లు. తరతరములుగా ఆ రెండు పేళ్లను నిత్యము పలుకుచున్న మనలో, ఆ కొయ్యను కంట జూచినవారు మాత్రము బహు కొద్దిమంది. నేడు అంగడిలో దొరకు బత్తిలో బొగ్గుపొడి, కొయ్యపొడి, జిగురు, పైని జల్లిన పరిమళము ఉండును. అగరు సాధారణముగా పేరునందే యుండును.

నేటి నా ప్రసంగము బత్తిని గూర్చినది గాదు. అగరుతైలమును గులాబి తైలమును గలిపి, మఱికొంత తీపి చేర్చి, బొటనవ్రేలంత సీసాలో నమ్ము అత్తరును గూర్చి. హైదరాబాదులో చార్మినారు చుట్టునున్న అత్తరు అంగళ్లలో, ముఖ్యముగా రంజాను రాత్రులందు, దీనికి గిరాకి మెండు. కువైటు, దుబాయి మొదలగు దేశములకు పనికి బోయి వచ్చు మన పిల్లల పెట్టెలలో నిది తప్పక యుండును. ఆ విధముగా నిది పల్లెలకును వచ్చినది. దీని వాసన యెట్టిది, ఒంటిపై నెంతసేపు నిలుచును, ఎట్లు వాడవలెను, కొనునపుడు ఏమడుగవలెను అనునవి చెప్పదలచితిని. ఈ వయస్సున నీకీ పరిమళముల గొడవ యేల యని మీలో నెవరైన నవ్వుకొనవచ్చును. ఈ సంగతి తెలిసికొనవలసిన యక్కఱ మన వయస్సువారికే యెక్కువ యని కొంచెము తాళి చెప్పెదను.

ముందు అగరు. అమరకోశమును వల్లెవేసినవారికి దాని పర్యాయపదములు జ్ఞప్తికి వచ్చును. వానిలో మూడింటిని నేను చిన్ననాడు అర్థము దెలియకయే కంఠస్థము చేసితిని. రాజార్హము, లోహము, కృమిజము. రాజార్హమనగా రాజులకు దగినది. దాని వెలను బట్టి ఆ పేరు వచ్చినదనుకొనవచ్చును. లోహమేల? కొయ్యకు లోహమను పేరేమి? మంచి అగరు ముక్కను నీటిలో వేసిన తేలక యినుపముక్కవలె మునిగిపోవును. చీనావారు దానికి పెట్టిన పేరునకును మునుగు సుగంధమనియే యర్థము. వింత యేమనగా, అగురు శబ్దమునకు గురువు కానిది, అనగా బరువు లేనిది, అని మన పండితులు వ్యుత్పత్తి చెప్పుదురు. ఒక పేరు తేలిక యనుచున్నది, ఒక పేరు లోహ మనుచున్నది. చెట్టును జూచిన ఈ విరోధము తీరును. రోగము లేని అగరుచెట్టు కొయ్య తెల్లగా, మెత్తగా, తేలికగా నుండును. దానికి చెప్పుకొనదగిన వాసన లేదు. కొన్ని చెట్లలో మాత్రము లోపల నల్లని బంక పుట్టి కొయ్యను నింపును. ఆ భాగమే బరువు. ఆ భాగమే పరిమళము.

ఆ బంక యెట్లు పుట్టును? ఇక్కడ మూడవ పేరు సహాయమునకు వచ్చును. కృమిజము, అనగా పురుగువలన బుట్టినది. ఒక జాతి పురుగు మ్రాను తొలిచి లోనికి బోవును. ఆ రంధ్రము గుండ బూజు ప్రవేశించును. చెట్టు తన్ను తాను కాపాడుకొనుటకై ఆ గాయము చుట్టు బంకను నింపుకొనును. ఏండ్లు గడచిన కొలది అది నల్లబడి గట్టిపడును. నేటి వృక్షశాస్త్రజ్ఞులు చెప్పు సంగతి యిది. నిఘంటుకర్త యొక్క మాటలో దానిని పొదిగి పెట్టెను. సూక్ష్మదర్శిని లేని కాలమున అడవిలో గొడ్డలి పట్టినవాడు పురుగుతొలిచిన చెట్టులోనే సరకు ఉన్నదని గ్రహించి యుండును. ఆ గొడ్డలివాని యనుభవమే నిఘంటువున కెక్కినది.

ఈ చెట్టు మన తెలుగునాట స్వతస్సిద్ధముగ బెరుగునది గాదు. దాని పుట్టినిల్లు అస్సాము, దాని చుట్టుపట్ల కొండలు, అక్కడినుండి బర్మా, మలయా, సుమత్రా వఱకు గల వానల యడవులు. అస్సామును పూర్వులు కామరూప మనిరి. కాళిదాసు రఘువును లౌహిత్యనదిని దాటించి ఆ దేశమునకు గొనిపోయినప్పుడు అక్కడి నల్ల అగరు చెట్లను స్మరించెను. బాణభట్టు హర్షచరిత్రలో నింకను విలువైన సాక్ష్యము గలదు. కామరూపరాజగు భాస్కరవర్మ హర్షునకు పంపిన కానుకలలో, లావైన వెదురు గొట్టములలో నింపిన నల్ల అగరు తైలమున్నది. అనగా 7వ శతాబ్దమునాటికే కొయ్యనుండి తైలము దీసి దూరదేశములకు బంపుచుండిరి. ఆ కానుకలలోనే అగరుపట్టపై వ్రాసిన పుస్తకములును గలవు. మనము తాటాకుపై వ్రాసినట్లు అస్సామువారు ఈ చెట్టు బెరడును సాపుచేసి దానిపై వ్రాసిరి. దానిని సాంచిపాత యందురు. తాటాకు గ్రంథములతో బాల్యము గడపిన నాకు ఈ సంగతి తెలిసిననాడు, ఎన్నడు జూడని ఆ చెట్టు మేనమామ కొడుకువలె తోచెను.

తైలము దీయు పద్ధతి చెప్పెదను. బంక పట్టిన కొయ్యను చిన్న చిన్న పేళ్లుగా జీల్చి దినముల తరబడి నీట నానవేయుదురు. నానిన పేళ్లు పులియును. పిమ్మట వానిని బట్టీలో నీటితో గాచి, ఆవిరిని చల్లార్చి, నీటిపై దేలిన తైలమును దీయుదురు. కాచుటయు దినములు పట్టును. ఈ నానవేయుట యను సంగతిని మీరు మనస్సున నుంచుకొనుడు. అత్తరు వాసనలో దాని ఫలము కనబడును.

ఇక గులాబి. గంధయుక్తి యను పేర వరాహమిహిరుడు బృహత్సంహితలో పరిమళముల కూర్పును గూర్చి యొక యధ్యాయము వ్రాసెను. 16 ద్రవ్యములలో నాలుగేసి చొప్పున నేరినచో 1,820 కూర్పులగునని అక్కడ లెక్క చెప్పినాడు. పై తరగతి పిల్లలకు నేనా లెక్కను బలకపై వేయించెడివాడను; సరిగా వచ్చును. ఆ 16 ద్రవ్యములలో అగరు కలదు, చందనము కలదు, కర్పూరము కలదు. గులాబి లేదు. గులాబి పరిమళము మనకు తరువాత పశ్చిమమునుండి వచ్చినది. గులాబ్ అనునది పారసీక శబ్దము. గుల్ అనగా పువ్వు, ఆబ్ అనగా నీరు. పువ్వు నీటి పేరే పువ్వునకు స్థిరపడినది.

మన దేశమున కది సముద్రముమీదను వచ్చినది. చీరాల దాపున మోటుపల్లి యను నూరు గలదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో నచ్చట ఓడవర్తకులకు అభయశాసనము వ్రాయించెను. ఓడ పగిలి యొడ్డునకు గొట్టుకొనివచ్చిన సరకును పూర్వపు రాజులవలె హరింపక, సుంకము మాత్రము గొందుమని అందులో మాట యిచ్చినాడు. ఏ సరకునకు ఎంత సుంకమో ఆ పట్టికలో చందనము, కర్పూరము, జవ్వాది వీనితోపాటు పన్నీరును గలదు. దాదాపు ఎనిమిది వందల యేండ్ల క్రిందట పన్నీరు మన తీరమున దిగి సుంకము చెల్లించినదని రాతిపై నున్నది. ఆ పిమ్మట కొండవీటి కుమారగిరిరెడ్డి వసంతోత్సవములకు సుగంధద్రవ్యములు సమకూర్చిన వర్తకుడు అవచి తిప్పయసెట్టి. అతనికే శ్రీనాథుడు హరవిలాసము నంకితమిచ్చెను. కడలి కవతలి రేవులనుండి ఆ సెట్టి తెప్పించు చందనాగరు కర్పూరాదులను ఆ కావ్యమున వర్ణించెను. సుగంధము కొన్నవారిని మనము మఱువలేదు, అమ్మినవానిని గూడ మఱువలేదు. ఇది మన సాహిత్యమున నాకు నచ్చిన విషయములలో నొకటి.

పన్నీరు వేఱు, గులాబి తైలము వేఱు. తైలము సంగతి జహంగీరు పాదుషా తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. నూర్జహాను కనిపెట్టినదని లోకమున వాడుక. పాదుషా వ్రాసినది వేఱు: ఆమె తల్లి పన్నీరు కాచి పళ్లెములలో బోయుచుండగా వేడినీటిపై నెయ్యివలె దేలిన మీగడను జూచి దానిని కొంచెము కొంచెముగ దీసి కూడబెట్టినదట. కూతురు ప్రసిద్ధురాలగుటచే తల్లి కీర్తి కూతురికి బోయినది.

నేడు మన దేశమున అత్తరునకు పెద్ద పేరు గాంచిన యూరు గంగానది చెంతనున్న కనౌజు. అది హర్షుని కన్యాకుబ్జమే. అక్కడి పాత పద్ధతి మన యూరి వంటశాల పెద్దలకు వెంటనే బోధపడును. దేగు అను పెద్ద రాగి పాత్రలో తెల్లవాఱుజామున గోసిన గులాబి రేకులను, నీటిని బోసి మూతబెట్టి, సందులను మన్నుతో మెత్తుదురు. మూతనుండి వెదురు గొట్టమొకటి బయలుదేఱి, నీళ్లతొట్టిలో నుంచిన భప్కా యను మఱియొక రాగి పాత్రలోనికి బోవును. ఆ భప్కాలో ముందుగానే చందనతైలము బోసి యుంచెదరు. దేగు క్రింద కట్టెలు, పిడకలు. ఆవిరి గొట్టము గుండ వచ్చి చల్లబడి చందనతైలములో దన పరిమళమును వదలును, నీరు వేఱుపడును. ఆ నీటిని మరల దేగులో బోసి, కొత్త రేకులు వేసి, మఱునాడు మరల కాయుదురు. చందనము నిండువఱకు దినముల కొలది యిట్లే. మంట యెంత యుండవలెనో పనివాడు పాత్రను చేతితో దాకి, గొట్టములోని చప్పుడు విని చెప్పును. తయారైన అత్తరులో మిగిలిన తడి పోవుటకు తోలు కుప్పెలో నుంతురు.

చందనము లేక కేవలము గులాబి తైలమునే కావలెనన్నచో ఒక కిలోకు 3,500 మొదలు 4,000 కిలోల పువ్వు పట్టును. ఈ యంకెను మఱువకుడు. అంగడిలో నిలుచున్నప్పుడు మీకు పనికివచ్చును.

ఇప్పుడు రెండును గలిసిన సీసాకు వత్తము. నా పూర్వశిష్యుడొకడు కువైటులో పని చేయుచున్నాడు. సెలవున వచ్చినప్పుడు నాకొక చిన్న సీసా యిచ్చెను. బడిపంతులు బుద్ధి పోదు గదా. దానిని మూడు విధముల పరీక్షించితిని. ఉదయము ఆఱు గంటలకు స్నానము చేసి మణికట్టుపై నొక బొట్టు, పాత యుత్తరీయపు కొంగుపై నొక బొట్టు, అద్దుడుకాగితముపై నొక బొట్టు వేసి, గడియారము చూచుచు కాగితముపై వ్రాసికొంటిని.

మొదటి క్షణమున మూడింటను ముక్కుకు దగిలినది గులాబియే. కాని అది కొమ్మపైని పువ్వు వాసన గాదు. గుల్కందు జాడీ మూత దీసినప్పటి వాసన. తేనెయు, ఊరిన రేకును గలిసినట్టిది. అయిదు నిమిషములు గాకముందే మణికట్టుపై అగరు లేచినది. ఎఱుగనివారు ఈ ఘట్టమున మూత బిగించి సీసాను పిల్లల కిచ్చివేయుదురు. ఏలనన, అది పశువుల కొట్టమును, నానవేసిన తోలును జ్ఞప్తికి దెచ్చును. పేళ్లను నీట బులియబెట్టిన ఫలమిది. పట్టణపువారు దీనికి ముక్కు మూసికొందురేమో గాని మనకు కొట్టము కొత్తగాదు. ఎండుగడ్డి, ఆవుమూత్రము, వెచ్చని పశువు శరీరము గలిసిన వాసనలో నొక హాయి గలదని మీరెఱుగుదురు. అగరులోని ఆ ఘాటును గులాబి యణచును. గులాబిలోని అతిమాధుర్యమును అగరు అణచును. ఈ రెంటిని జత చేసినవాడు ఎవ్వడో గాని పులుసులో బెల్లము వేయుట దెలిసినవాడు.

అరగంట దాటిన తరువాత రెండు వాసనలును విడదీయరానంతగా గలిసినవి. అప్పుడు తీపి పైకి వచ్చినది. బెల్లపు పాకము తీగసాగునప్పటి వాసన. ఈ తీపి గులాబిది గాదు, అగరుది గాదు; కూర్పరి వేఱుగా జేర్చినది. మూడు గంటలకు గులాబి వెనుకకు దగ్గినది, వెదకినగాని దొరకదు. మధ్యాహ్నభోజనమునాటికి మిగిలినది కొయ్య. పాత గ్రంథములుంచిన చెక్కపెట్టెను చాలకాలమునకు దెఱచినట్లు, అందు హారతి పొగ కొంత జొచ్చినట్లు. చెమట పట్టినప్పుడు అది తగ్గుటకు మారుగా కొంచెము పెరిగినది. రాత్రి పడుకొనబోవువేళ మణికట్టును ముక్కునకు ఆనించినగాని తెలియలేదు.

అద్దుడుకాగితముపై కథ వేఱు. అక్కడ గులాబి సాయంకాలము వఱకు నున్నది. అగరు అంతగా విప్పుకొనలేదు. అంగడివాడు కాగితపు పుల్లపై ముంచి యిచ్చినదానిని చూచి కొనువారు ఈ భేదమును గమనింపవలెను. ఒంటి వెచ్చదనము లేనిదే అగరు మాటలాడదు. ఉత్తరీయముపై మాత్రము నాలుగవనాడు కూడ కొయ్య వాసన యుండెను. చాకలికి వేసి తెచ్చిన తరువాత గూడ కొంగున లేశమాత్రము మిగిలినది.

ఈ క్రమమునకు కారణము సులభము. పరిమళమనగా వస్తువునుండి విడివడి గాలిలో బోవు అణువులు. గులాబిలోనివి తేలిక, త్వరగా ఎగిరిపోవును. అగరులోనివి బరువు, నెమ్మదిగా బయలుదేఱును. మద్యసారముతో జేసిన సెంటు చిమ్మగానే గది నిండును, ఆ సారము ఆవిరియై పోవును గనుక. నూనె అత్తరు అట్లు చేయదు. అది ఒంటిని అంటిపెట్టుకొని, మూర దూరమున నున్నవానికి మాత్రము దెలియును. మద్యసారము లేనిది గనుక పూజకు గూర్చుండువారును, నమాజునకు బోవువారును సంకోచము లేక వాడుదురు.

వాడు విధమును గూర్చి. సీసా మూతకున్న గాజుపుల్ల కొసతో ఒక స్పర్శ చాలును. మణికట్టు లోపలివైపున గాని చెవి వెనుక గాని రాయవలెను. హైదరాబాదు పెద్దలు దూది ముక్కను అత్తరులో అద్ది చెవి మడతలో నుంచుకొందురు. అది చాల మంచి పద్ధతి. తెల్లని పంచెపై వేయవలదు, అగరు గోధుమరంగు మరక పడును. తొలిసారి మోచేతి మడతలో నొక చుక్క రాసి ఒక దినము చూడుడు. దద్దు లేచినచో ఆ సీసా మీకు దగదు. పుండుపై, గీఱుకొనిన చోట రాయరాదు.

ఇక మన వయస్సువారి సంగతి. అఱువది దాటినవారికి చూపు, వినికిడి తగ్గునట్లే వాసన గ్రహించు శక్తియు సన్నగిల్లును. చూపు తగ్గినచో అద్దములు కొందుము. ముక్కు సంగతి మనకే తెలియదు. దీనికి తోడు, ఏ వయస్సువానికైనను ఒకే వాసన కొన్ని నిమిషములున్న ముక్కు దానిని లెక్కచేయుట మానును. ఈ రెండును గలిసి యేమగునో వినుడు. పెద్దాయన ఒక చుక్క రాసికొనును. పావుగంటకు వాసన లేదనుకొనును. మఱియొక చుక్క రాయును. పందిరిలో గూర్చున్న తరువాత ఇంకొకటి. ఒక పెండ్లి పంక్తిలో నాకు కుడివైపున గూర్చున్న పెద్దమనిషి యిట్లే చేసివచ్చెను. విస్తరిలో వడ్డించినది పులుసో రసమో నాకు నోటబెట్టుకొనువఱకు దెలియలేదు. ఆయన మాత్రము అత్తరు నకిలీదని, వాసన నిలువలేదని అంగడివానిని దూఱుచుండెను. మర్యాదచే నెవరు మాత్రము చెప్పగలరు? అందువలన నేనొక నియమము పెట్టుకొంటిని. రాసికొనిన పిమ్మట మనుమరాలిని పిలిచి, నాలుగడుగుల దూరమున నిలిపి, తెలియుచున్నదా యని యడుగుదును. పదేండ్ల పిల్ల ముక్కు అబద్ధమాడదు. తెలియుచున్నది తాతా అన్నచో మూత బిగింతును. చాల తెలియుచున్నది తాతా అన్నచో సబ్బుతో కడుగుకొందును.

కొనుగోలు సంగతి చెప్పవలసియున్నది. సీసా యిచ్చిననాడు నా శిష్యుడు, "పంతులుగారూ, ఇది అసలైన ఊద్ అండి. మూడు దినముల కూలి పెట్టితిని" అనెను.

"అంగడిలో ఏమని యడిగితివి నాయనా?"

"అసలైనదేనా యని అడిగితినండి. ఔననినాడు."

"అసలైనదనగా నేమని వాడనుకొనెను? నీవేమనుకొంటివి?"

వాడు ఊరకుండెను. చెల్లెలి పెండ్లికి ఇంకను పెద్ద సీసా తేవలెనని వాని యూహ. దానికి నెల కూలి పోవును. నేను దాచక చెప్పితిని. అగరుతైలము తులము వెల తులము వెండి వెలకు ఎన్నో రెట్లు. గులాబి తైలమునకు పట్టు పువ్వు లెక్క మీతో ముందే చెప్పియున్నాను. ఆ రెంటితో నిండిన సీసా మూడు దినముల కూలికి రాదు. ఇది కూర్పు; రసాయనశాలలో జేసిన గులాబియు, తీపియు ఎక్కువగాను, అగరు ఉన్నచో లేశమాత్రముగాను గలది. కూర్పగుట తప్పు గాదు. వరాహమిహిరుడు చెప్పినదియు కూర్పే గదా. మంచి కూర్పు మంచి కూర్పు వెలకు దొరికినచో సంతోషముగా కొనవచ్చును. కూర్పును సారమని చెప్పి సారపు వెల గైకొనుట మాత్రము దొంగతనము.

వానికి నేను నేర్పిన ప్రశ్నలు మూడు. ఇందులో కొయ్యనుండి దీసిన తైలమెంత పాలు? దీనికి ఆధారముగ బోసిన నూనె చందనమా, మఱియొకటా? ఒంటిపై రాసికొని సాయంకాలము వఱకు తిరిగి వచ్చి కొనవచ్చునా? మొదటి రెంటికి వాడు తబ్బిబ్బైనను, మూడవదానికి ఒప్పుకొన్నచో బేరమాడవచ్చును. మూడవదానికి ఒప్పుకొననివాని యంగడి మెట్లు దిగిరావలెను. రెండు నెలలకు వాడు ఫోనులో మాటలాడెను. అట్లడుగగా అదే అంగడివాడు లోపలినుండి వేఱు సీసాలు మూడు తెచ్చి, ఇది కూర్పు, ఇది సగము, ఇది సారము అని చెప్పెనట. సారము వెల విని వీడు నమస్కారము పెట్టి, కూర్పులో చిన్న సీసాను తీసికొని, మిగిలిన డబ్బు ఇంటికి బంపెను.

సారమునే కోరువారు మఱియొక సంగతి తెలిసికొనవలెను. చెట్టు నిలిచియుండగా లోపల బంక యున్నదో లేదో పైకి నిశ్చయముగా దెలియదు. బంకకై వెదకువారు ఉన్నదానిని, లేనిదానిని గూడ నఱకిరి. అడవులలో ఆ చెట్టు అరుదైపోయినది. 1995లో అస్సాము అగరును దేశముల నడుమ వర్తకమును నిబంధించు అంతర్జాతీయ ఒడంబడికలో జేర్చిరి; 2005 నాటికి ఆ జాతి చెట్లన్నిటిని జేర్చిరి. 2018లో అస్సాము అగరును మిక్కిలి ప్రమాదస్థితిలో నున్న వృక్షముల పట్టికలో వ్రాసిరి. అడవి చెట్టునకు జరిగిన దానికి ప్రతిగా అస్సాము, త్రిపుర రాష్ట్రములలో రైతులు పెరళ్లలోను తోటలలోను దీనిని నాటుచున్నారు. పోకతోటల నడుమను వేయుదురు. పురుగు రాకకై వేచియుండక మ్రానుకు రంధ్రములు చేసి బూజును తామే ఎక్కించు పద్ధతులును వచ్చినవి. కనుక సారము కొనగలవాడు నాల్గవ ప్రశ్న యడుగవలెను: ఇది తోట చెట్టుదా, అడవి చెట్టుదా? అడవిదని గొప్పగా చెప్పువాని సరకును నేనైతే ముట్టను.

దాచు విధము చెప్పి ముగించెదను. అత్తరునకు ఎండ, వేడి, గాలి మూడును శత్రువులు. గాజుసీసాలోనే యుంచవలెను, ప్లాస్టిక్కు డబ్బీలో పోయరాదు. పొయ్యి దాపున, కిటికీలో పెట్టరాదు. మూత బిగించి చీకటి పెట్టెలో నుంచినచో అగరు ఏండ్ల తరబడి నిలుచును. కొట్టపు ఘాటు తగ్గి మెత్తబడును. గులాబి అంతకాలము నిలువదు. అందువలన రెండును గలిసిన సీసాను పెండ్లికో పబ్బమునకో యని పదేండ్లు దాచుట వ్యర్థము; తెచ్చిన యేడే వాడుకొనుడు. సీసా నిండుకొనిన తరువాత కడుగవలదు. మూత దీసి బట్టల నడుమ నుంచుడు. నాది ఖాళీయై యెనిమిది నెలలైనది. గులాబి ఎప్పుడో పోయినది. తీపియు పోయినది. పెట్టె దెఱచినప్పుడు కొయ్య వాసన యింకను వచ్చుచున్నది.